పరదా తీసి వినండి

స్పీకర్ అనే మాటకి మన దగ్గర రెండు అర్థాలున్నాయి. రావుగారో రెడ్డిగారో 'కొత్త స్పీకర్లు కొంటున్నాం' అంటే ఇంట్లో పాటలు వినడానికని అర్థం. నాలాంటి పేరున్నవాడు అదే మాట అంటే వినేవాడి కళ్ల ముందు మినారు లేస్తుంది. ఆఫీసులో ఈ సంగతి చెప్పిన రోజు మా డెస్కులో ఒకాయన నవ్వుతూ 'ఏం భాయ్, మసీదుకా?' అన్నాడు. మనిషి చెడ్డవాడు కాదు. నేను తెచ్చే బగారన్నంలో సగం ఆయనే తింటాడు. నా బిడ్డకి అర్ధరాత్రి జ్వరం ముదిరితే తన బండి మీద ఆస్పత్రికి తీసుకుపోయినవాడు. అందుకే ఆ మాట ఇంకా గుచ్చుకుంది. పగవాడు అంటే దులిపేసుకుంటాం. దోస్తు నోట్లోంచి దానంతట అదే జారిందంటే అది ఆయన మాట కాదు, గాలిలో ఉన్న మాట.

మసీదుకైతే ఇంత వెతుకులాట అక్కర్లేదు. ఊళ్లో మనం మైకు అని పిలుచుకునే కొమ్ము స్పీకరు చాలు. అది మనిషి గొంతు దూరం పోవడానికి చేసిన వస్తువు. సన్నటి గొట్టం మొదట్లో చిన్న పొర కంపిస్తుంది. వెడల్పవుతూ పోయే మూతి ఆ శబ్దాన్ని బయటి గాలికి అప్పజెబుతుంది. కింది స్వరాలు పోతాయి, పై స్వరాల మెరుపు పోతుంది, మధ్యలో మాట మిగులుతుంది. 1940 నుంచి ఉన్న అహూజా కంపెనీ కొమ్ములు శ్రీరామనవమి పందిట్లో, మసీదు మీద, చర్చి మీద, ఎన్నికల ఆటో మీద ఒకేలా పనిచేస్తాయి. 2000లో వచ్చిన శబ్ద కాలుష్య నిబంధనలూ అందరికీ ఒకటే. ఇళ్ల మధ్య పగలు 55 డెసిబెళ్లు, రాత్రి 45. రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా మామూలుగా మైకు బంద్. చట్టానికి మైకు మతం తెలీదు. వినేవాళ్లకి తెలుసు.

నాకు కావలసింది మైకు కాదు. నా ఇంటి ముందుగదిలో కూర్చుని, ఒక మనిషి పాడుతుంటే ఆ మనిషే పాడుతున్నట్టు వినాలని నా కోరిక. ఇది ఇవాళ్టి కోరిక కాదు. నల్గొండ జిల్లాలో మాది చిన్న కసబా. అబ్బా ఉర్దూ మీడియం బడిలో పంతులు. ఎనభైల్లో మా మామూ జెద్దా నుంచి తెచ్చిన టూ ఇన్ వన్ మా ఇంట్లో అన్నిటికన్నా ఖరీదైన సామాను. దాని మీద అమ్మీ కుట్టిన పూలగుడ్డ కప్పి ఉండేది. సాయంత్రం హైదరాబాద్ రేడియోలో ఉర్దూ 'నైరంగ్' వచ్చేది. అది అయ్యాక అదే రేడియోలో తెలుగు పాటలు. అబ్బాకి ఘంటసాల పద్యమంటే ప్రాణం. అమ్మీకి బేగం అఖ్తర్. ఒకే డబ్బా, ఒకే ముల్లు, ఒకే గుడ్డ. అందులోంచి వచ్చే రెండు భాషల్లో ఏది మాది, ఏది పొరుగుది అని ఇంట్లో ఎవరూ మాకు చెప్పలేదు. ఆ లెక్క బయటికొచ్చాకే నేర్పారు.

పాత పత్రికలో పదమూడేళ్లు చేసి బయటికొచ్చినప్పుడు గ్రాట్యుటీ చేతికొచ్చింది. అందులో ఇంటి అద్దె పది నెలలకి సరిపడేంత పక్కన పెట్టాను. జర్నలిస్టు జీవితంలో ఇది చిన్న మొత్తం కాదు. మా ఖాలూ ఈ మధ్య దీన్‌లో గట్టిపడ్డాడు. 'పాటల డబ్బాలకి ఇన్ని పైసలా? ఇంకొన్ని కలిపితే ఉమ్రా అయితది' అన్నాడు. సంగీతం హరామా హలాలా అని మా వాళ్లలో ఉన్న పేచీ కొత్తది కాదు. ఆ పేచీ నడుస్తుండగానే దర్గాల్లో ఖవ్వాలీ వందల ఏళ్లుగా నడిచింది. నేను వాదన పెట్టుకోలేదు. అమ్మీయే వంటింట్లోంచి 'హౌ, ఉమ్రా కూ బీ జాయింగే, గానే బీ సునింగే' అంది. ఉమ్రాకీ పోతాం, పాటలూ వింటాం అని. డెబ్బై దాటిన మనిషి ఇచ్చిన ఫత్వా మీద మా ఇంట్లో అప్పీలు లేదు.

స్పీకర్లు ఎంచుకునే పద్ధతి ఒకటుంది. అంగడివాడు పెట్టే పాట వినకూడదు. వాడి పాట వాడి స్పీకర్‌కి నప్పేదే ఉంటుంది. మనకి రక్తంలో కలిసిపోయిన పాటలు మనమే తీసుకుపోవాలి. నేను ఆరు తీసుకుపోయాను. బేగం అఖ్తర్ గజల్ ఒకటి. ఘంటసాల పద్యం ఒకటి. షేక్ చిన మౌలానా నాదస్వరం. హైదరాబాదు గజల్ గాయకుడు విఠల్ రావు. 1969లో వచ్చిన 'భలే తమ్ముడు'లో ఎన్టీఆర్‌కి మహమ్మద్ రఫీ పాడిన తెలుగు పాట. ఆరోది ఏ కంపెనీ విడుదల చేసిందీ కాదు. దాని సంగతి తర్వాత చెప్తాను.

ఈ పాటలు ఊరికే ఏరలేదు. ఒక్కోదానికి ఒక్కో పని ఉంది. బేగం అఖ్తర్ గొంతు పై స్వరానికి ఎక్కేటప్పుడు ఒక చోట చిన్నగా చీలుతుంది. అభిమానులు ఆ చీలిక కోసమే వినేవాళ్లు. అన్నిటినీ నున్నగా చేసి అందంగా వినిపించే స్పీకర్ ఆ చీలికకి ఇస్త్రీ చేసేస్తుంది. ఘంటసాలది నిండైన కింది గొంతు. డబ్బా గోడలు వణికే స్పీకర్‌లో అది ఉబ్బిపోతుంది. నాదస్వరం అన్నిటికన్నా కఠినమైన పరీక్ష. గుడి ప్రాకారం దాటి వినపడాల్సిన వాద్యం అది. గట్టిగా పలికినప్పుడు నాసిరకం ట్వీటర్ దాన్ని రేకు మీద మేకు గీసినట్టు చేస్తుంది.

రెండు భాషలవాడికి ఇంకో పరీక్ష కూడా ఉంది. తెలుగు మాట దాదాపుగా అచ్చుతో ముగుస్తుంది. ఆ అచ్చు ఎక్కడ మొదలైందో, ఎక్కడ ఆగిందో తెలియాలి. డబ్బా మోగితే అచ్చు సాగిపోయి పక్క మాట మీద పడుతుంది. ఉర్దూ అందం గొంతులోంచి, పళ్ల సందులోంచి ఒరుసుకుంటూ వచ్చే ఖే, గైన్, జే, ఫేలలో ఉంది. అది పై స్వరాల పని. ట్వీటర్ దురుసైతే ఆ అక్షరాలు ఉమ్మినట్టుంటాయి, మొద్దుబారితే అసలు వినపడవు. ఉర్దూకి మంచిదైన స్పీకర్ తెలుగుని నానబెట్టొచ్చు. తెలుగుకి మంచిదైనది ఉర్దూని అరగదీయొచ్చు. నాకు రెండూ కావాలి. రెండిట్లో ఒకటి వదులుకోమని నన్ను ఎవరైనా అడగొచ్చు గానీ స్పీకర్ కూడా అడిగితే ఎలా?

ఇక ఆ లిస్టు వంక మళ్లీ చూడండి. ఒంగోలు దగ్గర కరవదిలో 1924లో పుట్టిన షేక్ చిన మౌలానా శ్రీరంగంలో స్థిరపడి, త్యాగరాజ కీర్తనలు వాయించి, 1998లో మద్రాసు మ్యూజిక్ అకాడెమీ సంగీత కళానిధి అయ్యాడు. ఆ మరుసటి ఏడే పోయాడు. 2015లో పోయిన విఠల్ రావు జీవితమంతా ఉర్దూ గజల్ పాడాడు. రఫీ తెలుగు పాడాడు. పేరుకీ పాటకీ పొంతన లేని లిస్టు అంటారు చూసినవాళ్లు. పొంతన లేదని తోచడంలోనే జబ్బుంది. ఆ జబ్బు పాటలో లేదు, పాటకారిలో లేదు. పేరు చదివాకే చెవి తెరుచుకునే అలవాటులో ఉంది.

మొదటి అంగడి బంజారాహిల్స్‌లో. అద్దాల తలుపులు, తివాచీ, మెత్తటి వెలుతురు. కుర్రాడు మర్యాదగా ఉన్నాడు. నా విజిటింగ్ కార్డు చూశాడు, చూసి 'సార్ టేస్ట్ నాకు అర్థమైంది' అని ఖవ్వాలీ పెట్టాడు. నాకు ఖవ్వాలీ ఇష్టమే. కానీ నేనింకా నోరే తెరవలేదు. నా టేస్టు ఆయనకి చెప్పింది నేను కాదు, కార్డు. నా సంచీలోంచి ఘంటసాల తీసిస్తే ఒకసారి నా మొహం, ఒకసారి డిస్కు చూశాడు. పద్యం అయ్యాక 'సార్, మీ తెలుగు చాలా బాగుంది' అన్నాడు. నాలుగు దశాబ్దాలుగా మాట్లాడుతున్న భాషకి నాకింకా సర్టిఫికెట్లు అందుతూనే ఉన్నాయి. ఆ భాషలో రాసి బతుకుతున్నాను, ఆ భాషలో నా బిడ్డకి జోకొట్టాను. అయినా పరీక్ష పాసైనట్టు ఎవరో ఒకరు భుజం తడుతూనే ఉంటారు.

ఆయన వినిపించినవి నాలుగడుగుల ఎత్తున్న నిలువు స్పీకర్లు. నల్లగా అద్దంలా మెరుస్తున్నాయి. తబలా బాయా మోగితే రొమ్ము అదిరింది. ఘంటసాల మాత్రం బావిలో దిగి పద్యం అందుకున్నట్టుంది. ఆ పక్కనే ఉన్న చిన్న స్పీకర్లు పెట్టమన్నాను. 'ఇవి డల్‌గా ఉంటాయి సార్' అంటూ ఆంప్లిఫయర్ మీద నాబ్ కదపకుండానే మార్చాడు. నిజమే, చప్పగా వినిపించాయి. అందులో ఒక మతలబుంది. ఒక వాట్ కరెంటిచ్చి ఒక మీటరు దూరంలో కొలిస్తే పెద్దది 89 డెసిబెళ్లు పలుకుతోంది, చిన్నది 83. ప్రతి మూడు డెసిబెళ్లకీ కరెంటు రెట్టింపు కావాలి. అంటే చిన్నది పెద్దదానితో సమంగా పలకాలంటే నాలుగింతల కరెంటివ్వాలి. ఇవ్వకుండా పోటీ పెట్టి, చిన్నది ఓడిందంటే ఆ పోటీకి అర్థమేముంది? పక్కపక్కనే పెట్టి విన్నప్పుడు కాస్త గట్టిగా పలికేదే మేలైనదని చెవికి తోస్తుంది. అందుకే ముందు ఒకే హోరు పెట్టి, మీటరుతో కొలిచి, రెండిటి గట్టిదనం సమం చెయ్యాలి. అప్పుడు వినాలి. సమానంగా చూడటమంటే అందరికీ నాబ్ ఒకే చోట పెట్టడం కాదని రిజర్వేషన్ల చర్చల్లో గొంతు పోయేలా చెప్పాం. స్పీకర్ల అంగట్లో అది డెసిబెళ్లలో కనిపించింది.

గట్టిదనం సమం చేసినా ఇంకో చిక్కు మిగులుతుంది, కన్ను. కెనడాకి చెందిన ఫ్లాయిడ్ టూల్, షాన్ ఆలివ్ అనే ఇద్దరు శబ్ద శాస్త్రవేత్తలు 1994లో ఒక పరిశోధన వెలువరించారు. అవే స్పీకర్లని అవే చెవులకి రెండు విధాలుగా వినిపించారు. ఒకసారి తెర వెనక దాచి, ఒకసారి ఎదురుగా కనపడేట్టు. తెర తియ్యగానే మార్కులు మారిపోయాయి. పెద్దగా, దర్జాగా కనపడ్డవాటికి పెరిగాయి. చిన్నగా, చవగ్గా కనపడ్డదానికి తగ్గాయి. విని విని ఆరితేరినవాళ్ల చెవులు కూడా కళ్లు చెప్పినట్టే విన్నాయి. శబ్దం మారలేదు. చూపు మారింది, దాంతో చెవి మారింది.

ఇది చదివి నేను ఆశ్చర్యపోలేదు. ఇల్లు అద్దెకి వెతుక్కున్న ఏ ముస్లిమూ ఆశ్చర్యపోడు. కొన్నేళ్ల కింద ఒక కాలనీలో టులెట్ బోర్డు చూసి ఫోన్ చేశాను. ఓనరు, నేను పది నిమిషాలు మాట్లాడుకున్నాం. మంచినీళ్లు ఎప్పుడొస్తాయి, బోరు ఎంత లోతు, పిల్లల బడి ఎంత దూరం, అన్నీ. పత్రికలో పని అనగానే సంతోషించాడు. 'తప్పకుండా రండి సార్, మీలాంటివాళ్లే కావాలి' అన్నాడు. చివర్న పేరడిగాడు. చెప్పాను. 'అయ్యో, మా ఆవిడ పొద్దున్నే ఎవరికో మాటిచ్చిందట' అన్నాడు. పేరు చెప్పేదాకా ఇల్లు ఖాళీగానే ఉంది. చెప్పాక నిండిపోయింది. పది నిమిషాలు ఆయన విన్న గొంతు నాదే. ఆ గొంతులో ఏ లోటూ కనపడలేదు. కరెంటు సమంగా ఉంది, తెర ఉంది. తెర తియ్యగానే మార్కులు తగ్గాయి.

సుఖదేవ్ థొరాట్, పాల్ అటెవెల్ ఇదే పని ఉద్యోగాల విషయంలో చేసి 2007లో ప్రచురించారు. సమానమైన అర్హతలతో దరఖాస్తులు తయారుచేసి, పేర్లు మాత్రం మార్చి ప్రైవేటు కంపెనీలకి పంపారు. అగ్రకుల హిందూ పేర్లతో పోలిస్తే దళిత పేర్లకి, ముస్లిం పేర్లకి పిలుపులు తగ్గాయి. అమెరికాలో ఆర్కెస్ట్రాలవాళ్లు డెబ్బైల్లో, ఎనభైల్లో వాద్యకారుల్ని తెర వెనక కూర్చోబెట్టి విని తీసుకునే పద్ధతి బాగా పెంచారు. ఆడదో మగవాడో తెలియకూడదని. కొన్నిచోట్ల నేల మీద తివాచీ పరిచేవాళ్లు. ఎందుకంటే నడిచొచ్చేటప్పుడు చెప్పుల మడమ చప్పుడు ఆడమనిషని పట్టిచ్చేస్తుంది. ఆ తివాచీ సంగతి నాకు బాగా తెలుసు. ఫోన్లో మాట్లాడుతూ 'ఖుదా హాఫిజ్' నాలుక చివరిదాకా వచ్చి, 'ఉంటానండీ'గా మారిపోయిన రోజులు మాలో ఎవరికి లేవు? అది మా తివాచీ.

రెండో అంగడి సికింద్రాబాదులో, మెట్లెక్కి పోవాలి. నడిపేది ఒకప్పుడు రేడియోలు బాగుచేసిన పెద్దాయన. నేను తెర కట్టి వింటానంటే నవ్వలేదు. స్పీకర్ల ముందు బిగించే లాంటి పల్చటి నల్లబట్ట తీసి, గోడ నుంచి గోడకి తాడు కట్టి వేలాడదీశాడు. శబ్దం దాటుతుంది, చూపు ఆగుతుంది. పరదా అనగానే మా ఇళ్ల మీద జోకులు పడే దేశంలో, ఒక చెక్క డబ్బాకి న్యాయం జరగాలంటే పరదా కట్టక తప్పలేదు. నేను, నా భార్య, నా ఫొటోగ్రాఫర్ మిత్రుడు ఇటువైపు కూర్చున్నాం. పెద్దాయన అటువైపు మారుస్తూ ఒకటి, రెండు, మూడు అని మాత్రమే చెప్తాడు. గట్టిదనం ముందే మీటరుతో సమం చేశాడు.

మూడు జతలున్నాయి. ఒకటి నాలుగడుగుల నిలువుది. రెండోది 2012లో కెఫ్ కంపెనీ తన యాభై ఏళ్లకి తెచ్చిన ఎల్ఎస్50. అందులో ట్వీటర్ ఊఫర్ నడుమనే కూర్చుని, కిందా పైనా స్వరాలు ఒకే చోట నుంచి వస్తాయి. మూడోది హార్బెత్ పి3ఈఎస్ఆర్, చెప్పుల జత డబ్బా కన్నా కొంచెం పెద్దది. చీటీల మీద రాసుకుంటూ పోయాం. తబలాకి నిలువుదాన్నే మెచ్చుకున్నాం. నాదస్వరానికి రెండోది నిబ్బరంగా నిలబడింది. గొంతుల దగ్గరికొచ్చేసరికి ముగ్గురి చీటీల్లోనూ మూడో అంకెే ఎక్కింది. బేగం అఖ్తర్ చీలిక చీలికలాగే ఉంది. విఠల్ రావు గజల్‌లో 'ఖ' గరుకుగా, శుభ్రంగా వినపడింది. మా హైదరాబాదీ నోట పెద్ద ఖాఫ్ కూడా 'ఖ'గానే పలుకుతుందని ఉత్తరాదివాళ్లు వెక్కిరిస్తారు. పలకనీ. స్పీకర్ పని ఉచ్చారణ దిద్దడం కాదు.

ఆ చిన్న డబ్బాకి ఒక వంశం ఉంది. 1970ల మొదట్లో బీబీసీ ఇంజనీర్లు ఎల్ఎస్3/5ఎ అనే బుల్లి స్పీకర్ తయారుచేశారు. బయటి ప్రసారాలకి వెళ్లే వ్యాన్లలో చోటు తక్కువ. ఆ ఇరుకులో కూర్చున్నవాడికి మైకు ముందరి మనిషి గొంతు ఉన్నదున్నట్టు వినపడాలి. బీబీసీ వాళ్ల పరీక్ష చాలా సాదా. తమకి బాగా తెలిసిన మనిషిని మాట్లాడించడం, అదే మాట స్పీకర్‌లో వినడం, రెండూ పోల్చడం. పాట ఎలా ఉండాలో ఎవరికి తోచినట్టు వాళ్లు ఊహించుకోవచ్చు. రోజూ వినే మనిషి మాట దగ్గర చెవిని మోసం చెయ్యడం కష్టం. ఆ బీబీసీలో పనిచేసిన డడ్లీ హార్వుడ్ 1977లో పెట్టిన కంపెనీయే హార్బెత్.

నా ఆరో పాట ఇక్కడికి సరిపోయింది. అది అబ్బా గొంతు. 1996లో మా ఆపా నికా రోజు ఎవరో టేపు నొక్కి వదిలేశారు. కోఠీలో దాన్ని సీడీ మీదకి ఎక్కించాను. అబ్బా పోయాక మాకు మిగిలిన ఆయన గొంతు అదొక్కటే. వాకిట్లో నిలబడి వచ్చినవాళ్లని పిలుస్తున్నాడు. 'ఆయియే ఆయియే, తష్రీఫ్ రఖియే' అని ఒకరిని. అదే ఊపిరిలో, 'రా బావా, గట్ల నిలబడ్డవేంది, కూసో' అని ఇంకొకరిని. ఆ బావ మా వాడకట్టు గౌడు. వరసకి బావ, ఏ వరస అని ఎవరూ అడగలేదు.

స్పీకర్‌లో కింది స్వరాలు ఊఫర్‌కి, పై స్వరాలు ట్వీటర్‌కి పంచేదాన్ని క్రాసోవర్ అంటారు. మనిషి గొంతు ఆ రెండిటి మీదుగా పోతుంది. ఒకటి వదిలి ఇంకొకటి అందుకునే చోట కుట్టు తెలియకూడదు. అబ్బా ఉర్దూ వదిలి తెలుగు అందుకునే చోట నాకెప్పుడూ కుట్టు వినపడలేదు. నిలువు స్పీకర్లలో ఆయన సభలో ఉపన్యాసమిచ్చే నాయకుడిలా మోగాడు. అబ్బా అంత పెద్ద మనిషి కాదు. సైకిలు మీద బడికి పోయే పంతులు. మూడో జతలో ఆ పంతులే ఉన్నాడు. మాటకీ మాటకీ మధ్య తమలపాకు ఒక దవడ నుంచి ఇంకో దవడకి మారడం కూడా ఉంది. నా భార్య చీటీ మీద మార్కులు వెయ్యలేదు. 'మామయ్యే' అని రాసింది. బట్ట తియ్యకముందే నిర్ణయం అయిపోయింది.

గది లెక్కా ఆ నిర్ణయానికే ఓటేసింది. మా ముందుగది 14 అడుగులు, 12 అడుగులు. శబ్దం సెకనుకి 343 మీటర్లు పోతుంది. ఆ కొలతల గోడల మధ్య 40 హెర్ట్జ్ దగ్గర, 47 హెర్ట్జ్ దగ్గర గది తనంతట తానే మోగుతుంది. అంత కిందికి దిగే పెద్ద స్పీకర్ పెడితే సగం వినేది స్పీకర్ కాదు, గదిని. కింది స్వరాలకి ఇంకో గుణముంది. గోడ దాటి పక్కింటికి పోయేది ముందు అవే. పి3ఈఎస్ఆర్ అన్ని పక్కలా మూసిన డబ్బా. వెనక గాలి రంధ్రం లేదు కాబట్టి గోడకి దగ్గరగా పెట్టినా పెద్దగా ఉబ్బదు.

పక్కింటి మాటొచ్చింది కాబట్టి చెప్తాను. మా ఇంట్లో వాల్యూమ్ చెవిని బట్టి పెట్టుకోం, గోడని బట్టి పెట్టుకుంటాం. నా భార్యకి పెళ్లైన కొత్త నుంచీ ఒక అలవాటుంది. కిటికీ తెరిచి ఉంటే తెలుగు పాట, మూసి ఉంటే ఉర్దూ. ఎవరూ ఆమెకి చెప్పలేదు. ఎవరూ మమ్మల్ని ఏమీ అనలేదు కూడా. మా కిటికీలోంచి ఘంటసాల పోతే 'ఎంత మంచి కుటుంబం' అవుతాం. అదే కిటికీలోంచి ఉర్దూ పోతే 'అక్కడేం జరుగుతోంది' అవుతామేమో అన్న బెంగ. ఒక ప్రేమ పాటకి, ఒక విరహానికి, ఒక తాగుబోతు ఫిర్యాదుకి అంత అనుమానం మోసే బలం ఎక్కడిది? ఉర్దూ పాటలో ఏముందో విన్నవాడికి తెలుసు. విననివాడికే భయం. మూసిన కిటికీ ఆ భయాన్ని తగ్గించదు, పెంచుతుంది.

పరదా పరీక్ష గొప్పది. ఎవరైనా స్పీకర్లు కొంటుంటే తప్పకుండా చెయ్యమని చెప్తాను. ఉద్యోగాలకి, అద్దె ఇళ్లకి కూడా అలాంటి తెర ఉంటే మాకు కొంత మేలే. కానీ ఒక తేడా ఉంది. స్పీకర్‌కి పేరు అవసరం లేదు. పరదా వెనక ఉన్నా దానికి పోయేదేమీ లేదు. మనిషికి అలా కాదు. నా పేరు దాస్తేనే నా గొంతు సరిగ్గా వినపడుతుందంటే, అక్కడ విన్నది నన్ను కాదు, నాలోంచి కొంత కోసి మిగిల్చిన ముక్కని. మైకులాగా కిందా పైనా తీసేసి మధ్యలో మీకు పనికొచ్చే మాట మాత్రమే మిగిల్చినట్టు. మావాళ్లు ఎంతమంది మారుపేర్లతో రాశారో, పొడి అక్షరాల వెనక దాక్కున్నారో పత్రికల్లో ఉన్నవాడిగా నాకు తెలుసు. వాళ్లనేమీ అనను. బతకాలి కదా. కానీ న్యాయం పరదా వెనక మాత్రమే దొరికేదైతే అది న్యాయం కాదు, జాగ్రత్త.

శ్రీరంగంలో నాదస్వరం పట్టుకున్న మనిషి పేరు మార్చుకోలేదు. షేక్ చిన మౌలానా అనే బోర్డు మీదే ఉంది. వినేవాళ్లు ఆ పేరు చూశారు, చూసి కూర్చున్నారు, కూర్చుని విన్నారు. ఉర్దూ గజల్ పాడేటప్పుడు విఠల్ రావు విఠల్ రావే. మా హైదరాబాదు ఆయన్ని అలాగే విన్నది. ఇది జరగని పని కాదు, మన కళ్ల ముందు జరిగిన పనే.

స్పీకర్లు ఇప్పుడు మా ముందుగదిలో, చెవి ఎత్తున, నాలుగున్నర అడుగుల ఎడంలో ఉన్నాయి. మధ్యలో అమ్మీ కుట్టిన పాత పూలగుడ్డ పరిచాం. కిటికీకి వేలాడే గుడ్డని కూడా మేం పరదా అనే అంటాం. నా భార్య దాన్ని పక్కకి లాగి కట్టింది. ఉర్దూకైనా తెలుగుకైనా అది ఇక అలాగే ఉంటుంది. 'మసీదుకా?' అన్న దోస్తుని వచ్చే ఆదివారం భోజనానికి పిలిచాను. మిమ్మల్నీ పిలుస్తున్నాను. మా వాటా తలుపు మీద పేరు బోర్డుంది, తెలుగులో ఒకటి, ఉర్దూలో ఒకటి. అది చదివే లోపలికి రండి. కళ్లు మూసుకోమని అడగను. నా పేరు తెలిసే వినండి.